బీకన్ లోపం: గట్టి పాస్‌వర్డ్ ఉంటే కెర్నల్ మార్చక్కర్లేదా?

బెంజిసర్కిల్:
గుంటూరు కాలేజీ ల్యాబ్‌లో 40 లాప్‌టాప్‌లు, అన్నిట్లో 2022 వేసవి నాటి ఉబుంటు లినక్స్, దాని గుండెకాయలాంటి కెర్నల్ 5.15. సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా కెర్నల్ ముట్టుకోవద్దని నా వాదన. వైఫైకి డబ్ల్యుపీఏ2 రక్షణ ఉంది, పాస్‌వర్డ్ 20 అక్షరాలు. బయటివాడు లోపలికి రాలేనప్పుడు సీవీఈ-2022-41674 నంబరుతో నమోదైన ఈ వైఫై లోపం గొడవ మనకెందుకు?

బ్రాడీపేట నాలుగో లైన్:
పాస్‌వర్డ్ దాకా వెళ్లే పనే లేదండీ. లోపం ఉన్నది బీకన్ చదివే చోట. రూటర్ ‘ఇక్కడున్నాను’ అంటూ సెకనుకు దాదాపు పదిసార్లు వేసే కేక అది. ఏ నెట్‌వర్క్‌కీ కలవకపోయినా, చుట్టూ ఏమున్నాయో లాప్‌టాప్ వెతికినప్పుడల్లా కెర్నల్ దాన్ని విప్పి చదువుతుంది. నెహ్రూ బస్టాండులో పిల్లాడు లాప్‌టాప్ తెరిస్తే, పక్క బెంచీ మీదున్నవాడు దొంగ బీకన్ పంపొచ్చు.

తప్పు ఎక్కడో చూడండి. బీకన్‌లో ప్రతి ముక్కకీ మొదటి బైటు రకం, రెండోది పొడవు. ఒకే రూటర్ పలు నెట్‌వర్క్‌ల గురించి చెప్పే ‘మల్టిపుల్ బీఎస్ఎస్ఐడీ’ ముక్కను దాటడానికి కోడ్ ఆ పొడవుకి 2 కలిపి, ఫలితాన్ని మళ్లీ ఒక్క బైటులోనే పెట్టింది. పొడవు 254 అని పంపితే 256 రావాలి, బైటులో 255 దాకే పడుతుంది కాబట్టి అది సున్నా అవుతుంది. కాపీకి కేటాయించిన చోటు (బఫర్) మాత్రం సరైన లెక్కతో తీసుకున్నదే. దాంతో కాపీ 256 బైట్లు ఎక్కువ జరిగి పక్క మెమరీ మీద పడుతుంది. ఆ వేరియబుల్ రకాన్ని పెద్ద సంఖ్యలు పట్టే సైజ్_టీగా మార్చడమే మందు.

కృష్ణలంక:
అందుకే వైర్‌లెస్ కోడ్ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మారాలంటున్నా. రస్ట్‌లో స్లైసు (మెమరీ ముక్క) పొడవు దాటి కాపీ చెయ్యనివ్వదు.

బ్రాడీపేట నాలుగో లైన్:
పక్క మెమరీ మీద రాత జరగదు, ఒప్పుకుంటా. కానీ అక్కడ పానిక్ (కోడ్ తనను తాను ఆపేసుకోవడం) వస్తుంది. కెర్నల్‌లో పానిక్ అంటే మిషన్ ఆగిపోవడమే. చొరబాటు తప్పుతుందిగానీ బీకన్‌తో పడగొట్టడం తప్పదు. పైగా రస్ట్ కెర్నల్‌లోకి వచ్చిందే 6.1తో. ఈ 40 మిషన్లకి అది జవాబు కాదు.

బెంజిసర్కిల్:
సరే, పాస్‌వర్డ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ల్యాబ్‌లో కేబుల్ ఉంది కదా, ‘ఆర్ఎఫ్‌కిల్ బ్లాక్ వైఫై’ కమాండ్ కొట్టి వైఫై ఆపేసి పరీక్షలయ్యేదాకా నెట్టుకురాలేమా?

బ్రాడీపేట నాలుగో లైన్:
ఆపినంతసేపూ పనిచేస్తుంది. పిల్లలు డెస్క్‌టాప్ మీద ఒక్క నొక్కుతో మళ్లీ ఆన్ చేస్తారు. ఇంటెల్ కార్డులైతే డ్రైవర్లు ఎక్కించే మాడ్‌ప్రోబ్ సెట్టింగ్స్‌లో ఐడబ్ల్యుఎల్‌వైఫై డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి రీబూట్ చెయ్యండి.

నా మాట మాత్రం అప్‌డేటే. సవరణ కెర్నల్ 5.10.148, 5.15.74, 5.19.16, 6.0.2ల్లో వచ్చింది. ఉబుంటు ఆ నంబర్ మార్చకుండానే సవరణలు కలుపుతుంది కాబట్టి, కెర్నల్ వెర్షన్ చూపే ‘యూనేమ్ -ఆర్’ కొట్టినా 5.15.0 అనే చూపిస్తుంది, ఆ నంబర్ చూసి తీర్పు చెప్పొద్దు. ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) సీవీఈ నంబర్ వెతకండి. సీవీఈ-2022-42719 నుంచి 42722 దాకా దాని తోటి లోపాలు నాలుగున్నాయి, అవీ చూడండి. ముందు రెండు మిషన్లలో వేసి వైఫై, ప్రొజెక్టర్, ప్రింటర్ సరిచూసుకున్నాక మిగతా 38. పాత కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఉంచండి, తేడా వస్తే దాంతో లేపొచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు: ప్యాకేజీ ఎక్కిస్తారు, మూత వేసి స్లీప్‌లో పెడతారు. రీబూట్ చెయ్యనంతకాలం నడిచేది పాత కెర్నలే.

కృష్ణలంక:
ఈ 40 కాకుండా కెర్నల్ 4.15 మిషన్లు ఏవైనా మిగిలాయా? ఆ మల్టిపుల్ బీఎస్ఎస్ఐడీ కోడ్ వచ్చింది 5.1లో కాబట్టి ఈ ఒక్క లోపం వాటిలో ఉండదు.