చందన్‌నగర్ కోట గోడలు ఏమయ్యాయి?

నాగావళి గట్టు:
మా చిన్నాన్నది ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక రోజు ఖాళీ దొరికితే హౌరా వెళ్లి, లోకల్ రైలెక్కి చందన్‌నగర్ దిగాను. హుగ్లీ గట్టున ఫ్రెంచివాళ్ల ఆర్లియన్స్ కోట ఉండేదని ఎక్కడో చదివా. గట్టంతా తిరిగాను, రాళ్లు పరిచిన దారి, చెట్లు, బెంచీలు తప్ప కోటది ఒక్క గోడ ముక్కైనా కనబడలేదు. విజయనగరం కోట చూస్తూ పెరిగినవాణ్ణి, నాకిది మింగుడు పడటం లేదు. ఏరు కోసేసిందా, ఎవరైనా పడగొట్టారా?

బొబ్బిలి వీణ:
ఏరు కాదు తమ్ముడూ, ఇంగ్లీషువాళ్లు గెలిచాక పడగొట్టేశారు. 1757 మార్చిలో క్లైవ్ నేల మీద నుంచి ముట్టడించాడు, అడ్మిరల్ వాట్సన్ ఓడలతో నది మీద వచ్చాడు. ఓడలు రాకుండా ఫ్రెంచివాళ్లు లోతున్న చోట తమ ఓడలనే అడ్డంగా ముంచారు గానీ సందు మిగిలిపోయింది. రాత్రిపూట వాట్సన్ మనుషులు పడవల్లో వెళ్లి, మునిగిన ఓడల తెరచాప కొయ్యలకు లాంతర్లు కట్టారు, కోట వైపు మాత్రం వెలుగు పడకుండా మరుగు పెట్టి! 23న పొద్దున్నే టైగర్, కెంట్ అనే యుద్ధనౌకలు ఆ సందులోంచి దూరి కోటకు ఎదురుగా నిలిచాయి, మూడు గంటలు తిరిగేసరికి కోట లొంగిపోయింది. ఓడల మీదా తక్కువ మంది పోలేదు. కెంట్ కెప్టెన్ స్పీక్‌కీ, పక్కనే ఉన్న పదహారేళ్ల కొడుక్కీ ఒకే ఫిరంగి గుండు తగిలింది, ఆ పిల్లాడు బతకలేదు. ఎప్పుడు చదివినా నాకు కడుపులో దేవినట్టే ఉంటుంది.

కళింగపట్నం రేవు:
పై అన్న చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతా, మనవాళ్లు దీన్ని వేరే దేశం కథలా చూస్తారు గానీ అదే ఏడు జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఇక్కడ బొబ్బిలి కోట మీద దాడిలో ఉన్నాడు. బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా అతన్ని సాయం రమ్మన్నాడు, అతను వచ్చేస్తాడేమోనన్న భయం క్లైవ్‌ను తొందరపెట్టిన కారణాల్లో ఒకటి. బుస్సీ వెళ్లలేదు, జూన్‌లో విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ల కోట పట్టుకున్నాడు. 1763 పారిస్ ఒప్పందంలో చందన్‌నగర్ ఫ్రెంచివాళ్లకు తిరిగొచ్చింది, కానీ బెంగాల్లో కోటలు కట్టకూడదన్న షరతుతో. అందుకే మళ్లీ గోడ లేవలేదు.

నాగావళి గట్టు:
చాలా థాంక్స్ అన్నలూ. బొబ్బిలి యుద్ధం గురించి చిన్నప్పటి నుంచి వింటున్నా, రెండు నెలల తేడాలో ఇది జరిగిందని ఇప్పుడే తెలిసింది. ఈసారి వెళ్తే గట్టు మీద వెతకను, అక్కడ నది దాటించే పడవెక్కి ఆ ఓడలు నిలబడ్డ వైపు నుంచి ఊరిని చూస్తాను.