వాల్వు యాంప్ ఉంది, పాత రాక్ సౌండ్ మాత్రం రావట్లేదు

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

అందరికీ నమస్కారం. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు ఇంట్లో గిటారు వాయిస్తాను. పోయిన నెల మా బావ అమెరికా నుంచి వస్తూ నాకోసం 15 వాట్ల వాల్వు యాంప్ హెడ్ (గాజు వాల్వులతో పనిచేసే, లోపల స్పీకర్ లేని గిటారు యాంప్లిఫయర్) తెచ్చాడు. స్పీకర్‌ను నడిపే పవర్ సెక్షన్‌లో రెండు ఈఎల్84 వాల్వులు, దానికి ముందు చిన్న 12ఏఎక్స్7 వాల్వులు. 12 అంగుళాల స్పీకర్ బాక్సు ఇక్కడే చేయించుకున్నాను. గిటారు గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్ తరహాది, రెండు హంబకర్లు (రెండేసి తీగచుట్టలుండే పికప్‌లు, అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేవి).

నాకు కావలసింది 1970ల నాటి బ్రిటిష్ రాక్ సౌండ్. కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి) కొడితే గరుకుగా ఉండాలి, అయినా ఒక్కో తీగ విడిగా వినపడాలి. గెయిన్ నాబ్ (ముందు వాల్వుల్లో సిగ్నల్ పెంచేది) 8లో పెడితే కందిరీగల తుట్టె కదిపినట్టు జుయ్యిమంటోంది. మాస్టర్ వాల్యూమ్ 2 దాటితే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడుతున్నారు. హమ్ (ఆగకుండా గుయ్యిమనే శబ్దం) కూడా ఉంది. పాత తరహా పికప్‌లు కొంటే సరిపోతుందా?

జవాబు (విజయవాడ, మొగల్రాజపురం)

తమ్ముడూ, పికప్‌ల మీద ఇప్పుడే డబ్బు పెట్టకు. గెయిన్ 8, మాస్టర్ 2 అంటే సౌండ్ చిరగడమంతా (డిస్టార్షన్) ముందున్న చిన్న వాల్వుల్లోనే జరిగిపోతోంది, వెనక ఈఎల్84లకు పనే లేదు. నువ్వు వెతుకుతున్న సౌండ్ ఆ పవర్ వాల్వులు, వాటిని స్పీకర్‌కు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ కలిసి కష్టపడితే వచ్చేది. ఆ రోజుల్లో చాలా యాంప్‌లకు మాస్టర్ వాల్యూమే లేదు. ఉన్న ఒక్క వాల్యూమే పైకి తిప్పేవాళ్లు. నీ పవర్ వాల్వులు వోక్స్ ఏసీ30 అనే బ్రిటిష్ యాంప్‌లో ఉండేవే, అందులో నాలుగు ఉంటాయి. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే ఏసీ30 వాల్యూమ్ పూర్తిగా పెంచి, ముందు ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే చిన్న పెట్టె) పెట్టి, మెత్తటి సౌండ్ కావలసినప్పుడు గిటారు మీది వాల్యూమ్ నాబ్ తగ్గిస్తాడు. ఆ నాబ్ చాలామంది 10లోనే వదిలేస్తారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది, సగం సౌండ్లు అందులోనే ఉన్నాయి.

చర్చి ఖాళీగా ఉండే రోజు అడిగి యాంప్ అక్కడికి తీసుకెళ్లు. గెయిన్ 3, మాస్టర్ 7, బాస్ బాగా తగ్గించు. గిటారు వాల్యూమ్ 10లో ఒక కార్డు, 6లో అదే కార్డు కొట్టి చూడు. నీ చెవికే తెలుస్తుంది.

తర్వాత పికప్ ఎత్తు చూడు. కొత్త గిటార్లలో తీగలకు ఆనించినంత పైకి పెట్టి పంపుతుంటారు, దాంతో సౌండ్ ముద్దగా వస్తుంది. ఆరో తీగను (అన్నిటికన్నా లావుది) చివరి ఫ్రెట్ (గిటారు మెడ మీది లోహపు గీత) దగ్గర నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ మధ్య సందు కొలువు. 3 మిల్లీమీటర్ల దాకా ఉండనివ్వు. ఒకటో తీగ కింద 2 చాలు. పికప్ పక్కన ఉండే రెండు స్క్రూలను అర చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ వాయించి విను. రూపాయి బిళ్ళ దూర్చి కొలవొద్దు, అయస్కాంతానికి అతుక్కుంటుంది. ప్లాస్టిక్ స్కేలు వాడు.

మల్టీమీటర్ ఉంటే ఇంకో పని. గిటారుకు కేబుల్ పెట్టి, వాల్యూమ్ 10లో ఉంచి, రెండో చివర ప్లగ్గు మొనకూ, మొన వెనకున్న లోహపు గొట్టానికీ మధ్య రెసిస్టెన్స్ చూడు. సెత్ లవర్ రూపొందించి, గిబ్సన్ 1957 నుంచి గిటార్లలో పెట్టిన హంబకర్లు సుమారు 7 నుంచి 9 కిలో ఓమ్‌లు ఉండేవి. నీది 15 చూపిస్తే అది హెవీ మెటల్ సంగీతం వాయించేవాళ్ల కోసం ఎక్కువ చుట్లు చుట్టింది. అన్నట్టు, ఆ బాక్సులో ఏ స్పీకర్ పెట్టారో రాయలేదు.

జవాబు (విజయవాడ, భవానీపురం)

బాబూ, నేను గిటారు వాయించను. వాల్వు రేడియోలు బాగుచేసేవాణ్ణి. మీరు చెప్పే ఈఎల్84 మా బల్ల మీద రోజూ ఉండేదే. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది. వార్తల టైముకు కాస్త ముందే స్విచ్ వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఇల్లంతా రేడియో ముందు కూర్చునేది.

అమెరికా యాంప్ అంటున్నారు కాబట్టి రెండు విషయాలు. వెనక ప్లేటు మీద 50/60 హెర్ట్జ్ అని ఉందో, 60 ఒక్కటే ఉందో చూడండి. మన కరెంటు 50. అమెరికా యాంప్‌కు ఇక్కడ పెట్టే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గానీ హెర్ట్జ్‌ను మార్చదు. 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది. రెండోది, స్టెప్‌డౌన్‌లో మూడో పిన్ను, అంటే ఎర్త్, గోడ సాకెట్ నుంచి యాంప్ దాకా తెగకుండా వస్తోందా? చౌకరకం వాటిలో రెండు పిన్నులే ఉంటాయి. ఎర్త్ లేని యాంప్‌కు తగిలించిన గిటారు పట్టుకుని పెదాలు మైకుకు ఆనిస్తే షాక్ కొట్టొచ్చు. చర్చిలో పాడుతూ వాయిస్తారేమో, దయచేసి ఇది ముందు చూపించుకోండి.

హమ్ సంగతి. గిటారు వాల్యూమ్ సున్నా చేయండి. హమ్ పోతే అది గిటారు నుంచో, గదిలోని ట్యూబ్‌లైటు చోక్ నుంచో వస్తోంది. పోకపోతే యాంప్‌లోదే, ఫిల్టర్ కెపాసిటర్లను (కరెంటును నిలకడ చేసే భాగాలు) అనుమానించాలి. మీరు మాత్రం యాంప్ విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా వాటిలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

జవాబు (గుంటూరు, లక్ష్మీపురం)

స్పీకర్ కేబుల్ పెట్టకుండా వాల్వు యాంప్ ఆన్ చేసి వాయించొద్దు బ్రదర్. నేను తొందరలో ఆ పని చేసి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాల్చుకున్నాను. కొత్తది దొరికేసరికి నాలుగు నెలలు పట్టింది.

ఫ్లాట్‌లో వాయించాలంటే యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యుయేటర్ (స్పీకర్‌కు వెళ్లే పవర్‌ను తగ్గించే పెట్టె) పెట్టు. పవర్ పదో వంతుకు తగ్గితే చెవికి సగం సౌండే తగ్గినట్టుంటుంది. అందుకే వాట్లు తక్కువున్న యాంప్ కొన్నా ఇంట్లో గోలే. కొనేటప్పుడు ఓమ్‌లు యాంప్‌కు సరిపోయేది చూసుకో.

అడిగినవారు (గుంటూరు, బ్రాడీపేట)

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. మల్టీమీటర్‌లో బ్రిడ్జ్ పికప్ (తీగల చివర ఉండేది) 14.6, నెక్ పికప్ (మెడ దగ్గరది) 8.1 కిలో ఓమ్‌లు వచ్చాయి. చర్చిలో నెక్ పికప్‌తో, గెయిన్ 3లో వాయిస్తే మొదటిసారి తీగలు విడివిడిగా వినపడ్డాయి. కానీ పైన ఆ జుయ్యిమనే శబ్దం ఇంకా కొంచెం ఉంది. బాక్సులో ఉన్నది మైకుసెట్టు వాళ్ల దగ్గర కొన్న 12 అంగుళాల 8 ఓమ్‌ల స్పీకర్, పైన హారన్ ట్వీటర్ (సన్నటి శబ్దాలు వినిపించే చిన్న స్పీకర్). పెద్దాయనగారూ, స్టెప్‌డౌన్‌కు ఎర్త్ లేదు. నిన్ననే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పిన్నులది పెట్టించాను. హమ్ సగం పైగా తగ్గింది. ప్లేటు మీద 50/60 అనే ఉంది.

జవాబు (విజయవాడ, మొగల్రాజపురం)

దొరికింది తమ్ముడూ, ఆ హారనే! గిటారు స్పీకర్లు 5 వేల హెర్ట్జ్ దాటాక గబగబా పడిపోతాయి. చిరిగిన సౌండ్‌లోని గీరంతా అక్కడే ఆగిపోతుంది. మైకుసెట్టు హారన్ పాటలోని ప్రతి అక్షరం వినిపించాలని చేసింది, ఆ గీరను ఉన్నదున్నట్టు బయటికి పంపిస్తుంది. యాంప్ ఆపేసి, ట్వీటర్ వైర్లు తీసేసి, పెద్ద స్పీకర్‌ను నేరుగా 8 ఓమ్‌ల సాకెట్‌కు కలిపించు. డబ్బు పెట్టాలనుకుంటే మొదట గిటారు స్పీకర్‌కే పెట్టు. సెలెస్షన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ గిటారు స్పీకర్ 25 వాట్లది నీ 15 వాట్లకు చాలు. బ్రిడ్జ్ పికప్ ఆ తర్వాత మార్చుకో, ఆల్నికో అయస్కాంతంతో 8 కిలో ఓమ్‌లకు అటూ ఇటూగా ఉన్నది.

అడిగినవారు (గుంటూరు, బ్రాడీపేట)

ట్వీటర్ తీయించాను అన్నా. కందిరీగలు పోయాయి. గిటారు వాల్యూమ్ 7లో A మేజర్ కార్డు పట్టి వదిలాను, చివరి దాకా ఆరు తీగలూ వినపడ్డాయి.