అమ్మాయి రన్నర్లందరికీ ఫెర్రిటిన్ పరీక్ష తప్పనిసరి చేయాలా?

ట్రాక్ కోచ్:
మా దగ్గర 800, 1500 మీటర్లు పరిగెత్తే అమ్మాయిలకు సీజన్ మొదట్లో హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తున్నారు. 12 దాటితే ఫిట్ అని రాసేస్తున్నారు. కానీ ముందు తరిగేది ఒంట్లో ఐరన్ నిల్వ, హిమోగ్లోబిన్ పడేది చివర్లో. అప్పటికే టైమింగ్ పోయి, ‘బద్ధకం’ అన్న పేరు కూడా వచ్చేస్తోంది. ఆ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ రక్తపరీక్షను ఏడాదికి రెండుసార్లు అందరికీ చేయాలంటాను.

పీఈటీ మేడమ్:
కోచ్ గారూ, డబ్బెవరిస్తారు? మా మండలంలో ఫెర్రిటిన్ చేసే ల్యాబే లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం మందికి పైగా ఉన్నదని తెలిశాక ఇంకా వెతకడం దేనికి? బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర పిల్లలు నిజంగా మింగేలా చూద్దాం. హాస్టల్లో గుడ్డు, ఆకుకూర పెంచమని అడుగుదాం.

ప్రభుత్వ డాక్టర్:
మేడమ్, మాత్ర విషయంలో మీ మాటే నాదీ. కాకపోతే అందులో ఉండేది 60 మిల్లీగ్రాముల ఐరన్, అదీ వారానికొక్కసారి. నిల్వలు అడుగంటిన పిల్లకు అది చాలదు. పోనీ పరీక్ష లేకుండా డోసు పెంచుదామంటే, తలసేమియా అనే వంశపారంపర్య రక్త సమస్య జన్యువు ఉన్నవాళ్లకు హిమోగ్లోబిన్ తక్కువున్నా ఐరన్ సరిపడా ఉండొచ్చు. మాత్ర వేళ కూడా ముఖ్యమే. గట్టి ప్రాక్టీసు తర్వాత మూడు నుంచి ఆరు గంటల్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగులు ఐరన్‌ను పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. టీతో వేసుకుంటే మరీ వృథా.

కోచ్ గారూ, మీకూ ఒక మాట. జ్వరమొచ్చినా, ముందురోజు ఒళ్లు హూనమయ్యేలా పరిగెత్తినా ఫెర్రిటిన్ పెరిగి కనిపిస్తుంది. విశ్రాంతి రోజు మర్నాడు పొద్దున్నే రక్తం తీయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఫెర్రిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే ఐరన్ లోపం. క్రీడా వైద్యులు చాలామంది 30, 35 దగ్గరే జాగ్రత్తపడతారు. ఆ మధ్యలో ఉండి రక్తహీనత లేనివాళ్లకు ఐరన్ ఇస్తే పరుగు మెరుగవుతుందా అంటే అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. అందుకే అందరికీ వద్దంటాను. నెలసరిలో రక్తస్రావం ఎక్కువున్నవాళ్లు, మాంసం తిననివాళ్లు, ఉన్నట్టుండి టైమింగ్ పడిపోయినవాళ్లు, వీళ్లకు చాలు.

ఒక రన్నర్ అమ్మ:
డాక్టర్ గారూ, నెలసరి ఎక్కువవుతోందని మగ కోచ్‌తో ఏ పిల్ల చెబుతుందండీ? మా అమ్మాయి నాకే చాలాకాలం చెప్పలేదు. అందరికీ చేస్తే ఎవరూ నోరు తెరిచి చెప్పుకోనక్కర్లేదు. కానీ రిపోర్టు పిల్లకూ మాకూ మాత్రమే ఇవ్వాలి. దాన్ని చూసి సెలక్షన్‌లో పక్కన పెడితే మళ్లీ ఎవరూ రక్తం ఇవ్వరు.

ట్రాక్ కోచ్:
అమ్మా, మీరన్నది న్యాయం. సీజన్ మొదట్లో అందరికీ ఒకసారి, 35 లోపు వచ్చినవాళ్లకే రెండోసారి చేద్దాం. ఖర్చు తగ్గుతుంది. రిపోర్టు నా చేతికి రానక్కర్లేదు, ఎవరికి ప్రాక్టీసు తగ్గించాలో డాక్టర్ గారు చెబితే చాలు.

పీఈటీ మేడమ్:
ఆ తగ్గిన ఖర్చైనా క్రీడల శాఖ పెట్టుకుంటేనే ఒప్పుకుంటాను. పిల్లల మెస్ డబ్బుల్లోంచి తీస్తామంటే మాత్రం కుదరదు.