సిగ్నల్ లేని చోట ప్రాణం మీదికొస్తే: పీఎల్‌బీనా, శాటిలైట్ మెసెంజరా?

కొండబాట:
నలుగురు కలిసి వారంపాటు టవర్ అందని కొండల్లో నడవాలి, పరికరం ఒక్కటే కొనాలి అంటే నా ఓటు పీఎల్‌బీకే, అంటే ఆపదలో ఆన్ చేస్తే ఉపగ్రహాల ద్వారా రక్షణ బృందాలకు కబురు చేసే చిన్న పరికరానికే. చందా లేదు. బ్యాటరీ ఐదారేళ్లు నిలవుంటుంది. ఆన్ చేస్తే 406 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్లతో, దాదాపు 50 సెకన్లకోసారి, కనీసం 24 గంటలు కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు సంకేతం పంపుతూనే ఉంటుంది. దగ్గరికొచ్చిన రక్షణ బృందం 121.5 మెగాహెర్ట్జ్ సంకేతం పట్టుకుని మనిషి దాకా చేరుతుంది.

నీలిచుక్క:
కాలు విరిగిందో, దారి తప్పారో అది చెప్పదు కదండీ! ఇరిడియం ఉపగ్రహాల ద్వారా సందేశాలు పంపే శాటిలైట్ మెసెంజర్ ఉంటే "తొడ ఎముక విరిగింది, స్పృహ ఉంది, స్ట్రెచర్ కావాలి, హెలికాప్టర్ దిగే చోటు లేదు" అని పంపొచ్చు. దాన్ని బట్టి వాళ్లు ఏం మోసుకురావాలో తేల్చుకుంటారు. వాగు పొంగి ఒక రోజు ఆలస్యమైతే, "క్షేమమే" అన్న ఒక్క ముక్కతో ఇంట్లోవాళ్ల కంగారు ఆగుతుంది. ఆ మాత్రానికి పీఎల్‌బీ నొక్కలేం.

కొండబాట:
చందా గడువు దాటితే మీ ఎస్‌ఓఎస్ కూడా పోదు. పైగా ట్రాకింగ్ తరచుగా పెట్టి, చలిలో సంచి బయట తగిలిస్తే అవసరమైన రోజుకి చార్జింగ్ ఉండదు. గెలీలియో (యూరప్ ఉపగ్రహ వ్యవస్థ) రిటర్న్ లింక్, అంటే తిరుగు జవాబు సదుపాయం ఉన్న పీఎల్‌బీలైతే సంకేతం అందిందని లైటుతో చూపిస్తున్నాయి కూడా.

నీలిచుక్క:
అందిందని మాత్రమే. బయల్దేరారని కాదు.

తరంగం:
నలుగురున్నప్పుడు మెసెంజరే మేలు, రాసిపంపడానికి బాగున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. ఒంటరిగా వెళ్తే పీఎల్‌బీ. అయితే రెండూ ఎక్కువగా దెబ్బతినేది ఆకాశం కనపడని చోటే. ఇరుకు లోయలో, దట్టమైన చెట్ల కింద సంకేతం తెగిపోతుంది. గాయం కదలనిస్తే ఆకాశం కనపడే చోటికి జరగండి. పీఎల్‌బీ యాంటెనా పూర్తిగా విప్పి నిటారుగా నిలపండి, జీపీఎస్ భాగం మీద చెయ్యి పడనివ్వకండి. కొన్న రోజే రిజిస్టర్ చేసి, ఫోన్ ఎత్తేవాళ్ల నంబర్లు రెండు ఇవ్వండి. లేదంటే అది ఎవరిదో, ఎవరికి ఫోన్ చేయాలో రక్షణ కేంద్రానికి తెలియదు. పరీక్షకు సెల్ఫ్‌టెస్ట్ బటనే వాడాలి. మెసెంజర్‌నైతే బయల్దేరే ముందే ఆరుబయట మామూలు సందేశం పంపి చూడండి.

కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా శాటిలైట్ పరికరం దగ్గరుంటే కేసవుతుంది, ముందే కనుక్కోండి. వాకీటాకీ మీద ఆశ పెట్టుకోకండి, మధ్యలో కొండ అడ్డొస్తే దాని వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగాలు దాదాపు ఆగినట్టే.

ఇంకోటి: పరికరం సంచిలో కాదు, ఒంటి మీద ఉండాలి. జారిపడితే సంచి వేరే చోట పడుతుంది. ఎలా ఆన్ చేయాలో నలుగురి చేతా బయల్దేరే ముందే, బటన్ నొక్కకుండా, ఒకసారి చేయించి చూడండి.