ఒకే హ్యాండిల్ బార్ మీద రెండు జీపీఎస్ కంప్యూటర్లు, రెండు లెక్కలు: దేన్ని నమ్మాలి?

ప్రశ్న (నార్సింగి సైక్లిస్టు):

అందరికీ నమస్కారం. నా రోడ్డు సైకిల్ మీద నాలుగేళ్లుగా ఒక జీపీఎస్ కంప్యూటర్ వాడుతున్నాను. ఈమధ్య దాని బ్యాటరీ త్వరగా దిగిపోతూ ఉండటంతో గత నెలలో వేరే కంపెనీది ఒకటి కొన్నాను. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. పేర్లు రాస్తే అసలు విషయం పక్కకుపోయి చర్చ అభిమానుల తగువుగా మారుతుంది. కనుక ఇక్కడ ఒకటి పాతది, మరొకటి కొత్తది, అంతే.

పాతది ఒకే ఫ్రీక్వెన్సీలో జీపీఎస్ సిగ్నల్ అందుకుంటుంది. వెనుక చక్రం హబ్‌కి (చక్రం మధ్యభాగానికి) రబ్బరు పట్టీతో బిగించిన స్పీడ్ సెన్సర్‌ను దానికి కలిపి ఉంచాను. కొత్తది రెండు ఫ్రీక్వెన్సీలు అందుకుంటుంది, కానీ దానికి సెన్సర్ ఏదీ కలపలేదు. ఎత్తు చూపడానికి బారోమీటర్ రెండింటిలోనూ ఉంది. రెండింటినీ పక్కపక్కనే బిగించి, ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆపుతూ మూడు వారాలు తిరిగాను.

మొదటి రైడ్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద. నార్సింగి నుంచి కొల్లూరు వెళ్ళి తిరిగి వస్తే పాతది 28.4 కిలోమీటర్లు, కొత్తది 28.8 చూపించాయి. ఇంటికి వచ్చి మ్యాపులో చూస్తే పాతదాని గీత చాలాచోట్ల ట్రాక్ వదిలి కార్లు తిరిగే రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. కొత్తదాని గీత మాత్రం ట్రాక్ వెంబడే పోయింది. గీత అంతగా పక్కకుపోయినప్పుడు దూరం పెరగాలి కదా, తగ్గిందేమిటన్నది నా మొదటి సందేహం.

రెండోది వికారాబాద్ దాకా, అంటే మూసీ ఒడ్డున ఉన్న మా నార్సింగి నుంచి ఆ మూసీ పుట్టిన అనంతగిరి కొండల దాకా. తెల్లవారుజామున 4:45కి బయలుదేరి 10:45కి ఇల్లు చేరాను. పాతది 129.4, కొత్తది 131.2 అన్నాయి. కొండ మీదికి ఎక్కే అడవి దారిలో మాత్రం ల్యాప్ బటన్ నొక్కి విడిగా చూసుకుంటే పాతది 5.96, కొత్తది 5.98, అంటే అక్కడ దాదాపు తేడాయే లేదు. ఎక్కిన మొత్తం ఎత్తు పాతదానిలో 780 మీటర్లు, కొత్తదానిలో 905. అన్నిటికన్నా వింత ఏమిటంటే, బయలుదేరేటప్పుడు మా ఇంటి గేటు దగ్గర 548 మీటర్లు చూపిన పాతది తిరిగి వచ్చేసరికి అదే గేటు దగ్గర 529 చూపింది. కొత్తది కూడా ఇంచుమించు అంతే తగ్గింది. ఆరు గంటల్లో మా ఇల్లు పంతొమ్మిది మీటర్లు భూమిలోకి దిగిపోయిందని రెండు యంత్రాలూ ఏకగ్రీవంగా తేల్చాయన్నమాట.

డిసెంబరులో టైర్లు మార్చినప్పటి నుంచి సైకిల్‌లో వేరే మార్పు ఏదీ చేయలేదు. కొత్తది దూరాన్ని ఎక్కువ చేసి చూపిస్తోందని నా అనుమానం. వాపసు గడువు ఇంకా పది రోజులు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (చక్రం లెక్క):

వాపసు సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో యథాలాపంగా రాసిన టైర్ల మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అంతకుముందు ఏ సైజు ఉండేది, ఇప్పుడు ఏ సైజు వేశారు? పాతదానిలో చక్రం చుట్టుకొలత మీరే అంకె కొట్టి పెట్టారా, లేక దాన్నే లెక్కగట్టుకోమని వదిలేశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, స్పీడ్ సెన్సర్ కలిపినప్పుడు కంప్యూటర్ దూరాన్ని ఉపగ్రహాల నుంచి తీసుకోదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని చుట్టుకొలతతో గుణిస్తుంది. మ్యాపులో గీతకు మాత్రం జీపీఎస్‌నే వాడుతుంది. సోలార్ ట్రాక్ మీద గీత అడ్డదిడ్డంగా పోయినా దూరం పెరగకపోవడానికి కారణం అదే. ఆ రెండు లెక్కలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు.

ఇప్పుడు మీ అంకెలనే తీసుకోండి. ట్రాక్ మీద 28.4కి 28.8, అంటే 1.4 శాతం తేడా. వికారాబాద్ రైడ్‌లో 129.4కి 131.2, అదీ 1.4 శాతమే. జీపీఎస్ పొరపాటు ఇలా క్రమశిక్షణగా ఉండదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చూపిస్తుంది. ప్రతి రైడ్‌లోనూ ఒకే నిష్పత్తిలో తేడా వస్తోందంటే ఎక్కడో ఒక గుణకం తప్పుగా ఉందని అర్థం. సాధారణంగా వాడే పట్టికల్లో 700 బై 25 (అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పు) టైరుకి చుట్టుకొలత 2105 మిల్లీమీటర్లు, 700 బై 28కి 2136 అని ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా దాదాపు 1.5 శాతం.

ప్రశ్న వేసినవారు:

మీరు చెప్పింది అక్షరాలా నిజం. ముందు 25 ఉండేవి, డిసెంబరులో 28 వేయించాను. సెట్టింగులు తెరిచి చూస్తే 2105 అని ఉంది. నాలుగేళ్ల క్రితం నేనే కొట్టిన అంకె అది. అయితే మరి అడవి దారిలో తేడా ఎందుకు లేదు?

జవాబు (చక్రం లెక్క):

అక్కడ కొత్తది కూడా తక్కువ లెక్కపెట్టింది కనుక. చెట్ల కింద సిగ్నల్ బలహీనపడుతుంది, దానికితోడు హెయిర్‌పిన్ మలుపుల్లో జీపీఎస్ గుర్తించిన బిందువులను కలిపే గీత మలుపు పొడవునా తిరగకుండా అడ్డంగా కోసుకుపోతుంది. అందుకే పాతదాని 5.96ను సరైన చుట్టుకొలతతో సవరిస్తే 6.03 దాకా వస్తుందని నా అంచనా. అంటే తెరిపి రోడ్డు మీద కొత్తది సరిగా ఉంది, అడవిలో మాత్రం సవరించిన పాతదే దానికన్నా నయం. కొత్తదానిలో రికార్డింగ్ 'స్మార్ట్' అని ఉంటే సెకనుకి ఒకసారి అని మార్చండి. స్మార్ట్‌లో దిశ, వేగం మారినప్పుడే బిందువును దాచుకుంటుంది గనుక ఫైలులో గీత ఇంకా మొరటుగా వస్తుంది.

పట్టికలోని 2136ను యథాతథంగా కొట్టకండి. టైరులో గాలి, రిమ్ వెడల్పు, మీ బరువు బట్టి అది మారుతుంది. సీటు మీద మీరు కూర్చుని ఉండగా వాల్వును నేలకు దగ్గరగా తెచ్చి అక్కడ సుద్దముక్కతో గీత గీసి, చక్రం మూడు పూర్తి చుట్లు తిరిగేదాకా నెమ్మదిగా ముందుకు నడిపించి మళ్ళీ గీత గీయండి. ఆ దూరాన్ని టేపుతో కొలిచి మూడుతో భాగించండి. సెన్సర్ వెనుక చక్రానికి ఉంది కనుక కొలవాల్సింది కూడా వెనుక చక్రాన్నే.

జవాబు (విశాఖ ఘాట్ రోడ్డు):

దూరం సంగతి తేలింది కాబట్టి ఎత్తు గురించి నాలుగు మాటలు చెబుతాను. నార్సింగి గారి ఇల్లు ఎందుకు కుంగిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా ఇల్లు కూడా ప్రతి ఆదివారం కుంగుతుంది.

బారోమీటర్ కొలిచేది ఎత్తును కాదు, గాలి పీడనాన్ని. హైదరాబాద్ ఎత్తులో ఒక మిల్లీబార్ తేడా వస్తే అది సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తుగా కనిపిస్తుంది. మన ఉష్ణమండలంలో పీడనం రోజూ సముద్రపు పోటుపాటుల్లా రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో తక్కువగా ఉండి, ఉదయం పది గంటలకల్లా రెండు మూడు మిల్లీబార్లు పెరిగి, మళ్ళీ సాయంత్రం నాలుగు దాకా దిగుతుంది. మీరు సరిగ్గా ఆ పెరిగే వేళలోనే రైడ్ చేశారు. పీడనం పెరిగితే తాను కిందికి దిగుతున్నానని కంప్యూటర్ అనుకుంటుంది. అందువల్లనే రెండూ ఒకేలా తప్పాయి. మీరు పదింటికి బయలుదేరి సాయంత్రం వచ్చి ఉంటే ఇల్లు పైకి లేచి ఉండేది. ఇది యంత్రంలో లోపం కాదు.

780, 905 తేడా మాత్రం లెక్కించే పద్ధతిలో ఉంది. రెండు మూడు మీటర్ల చిన్న ఎగుడుదిగుళ్లను కొన్ని కంప్యూటర్లు లెక్కలోకి తీసుకోవు, కొన్ని తీసుకుంటాయి. మీ వికారాబాద్ రోడ్డు పొడవునా చిన్న చిన్న ఎత్తుపల్లాలే కనుక ఆ తేడా అంతా పోగుపడింది. అదే శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ (మీది కాదు, మా అరకు దారిలోది) ఎక్కితే దారి గంటల తరబడి ఎత్తుకే పోతుంది కనుక ఏ రెండు కంప్యూటర్లయినా ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. నా దగ్గరున్న రెండింటినీ ఆ దారిలోనే పరీక్షించాను.

ఎత్తును సరిచూసుకోవడానికి నేను నమ్మేది రైల్వే స్టేషన్ బోర్డును. పసుపు రంగు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. కొత్తవలస-కిరండూల్ మార్గంలోని శిమిలిగుడ స్టేషన్‌కి 996.32 మీటర్లు. పోయిన నవంబరులో అక్కడ సైకిల్ ఆనించి చూస్తే ఒకటి 988, మరొకటి 1003 చూపించాయి. వెంటనే రెండింటినీ 996కి సరిచేసి అరకు వైపు సాగిపోయాను. ఇంకొక మాట: వానలో తడిసినప్పుడు బారోమీటర్ కోసం కంప్యూటర్ అడుగున ఉండే సన్నటి రంధ్రంలో నీటిచుక్క నిలిచిపోతే ఎత్తు అంకె కాసేపు కదలకుండా ఉండి తర్వాత ఒక్కసారిగా గెంతుతుంది. అలాంటప్పుడు ఊది వదిలేయండి, పిన్నుతో మాత్రం పొడవకండి.

జవాబు (సూళ్లూరుపేట):

సోలార్ పైకప్పు కింద కొత్తదాని గీత ఎందుకు శుభ్రంగా వచ్చిందో చెప్పాలనిపించింది. నెత్తిమీద ఉపగ్రహాల సిగ్నల్‌ను ప్యానెళ్లు బలహీనపరుస్తాయి. పక్కలనుంచి వచ్చేది, ప్యానెళ్లకూ స్తంభాలకూ తగిలి తిరిగి వచ్చేది మిగులుతుంది. తిరిగి వచ్చిన సిగ్నల్ కాస్త ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కనుక స్థానం పక్కకు జరుగుతుంది. పాత ఎల్1 ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్‌జ్, కొత్తగా కలిసిన ఎల్5 ఫ్రీక్వెన్సీ 1176.45. ఎల్5లో సంకేతం పది రెట్లు వేగంగా మారుతుంది కాబట్టి నేరుగా వచ్చిన సిగ్నల్‌నూ తగిలి వచ్చినదానినీ విడదీయడం రిసీవర్‌కి తేలిక. సైకిల్ కంప్యూటర్లలోకి ఈ సౌకర్యం 2022లో గార్మిన్ ఎడ్జ్ 1040తో వచ్చింది.

జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ అయిన నావిక్ ఉపగ్రహాలు మొదటి నుంచీ ఎల్5లో ప్రసారం చేస్తున్నాయి. 2023 మే 29న మా పక్కనున్న శ్రీహరికోట నుంచి పైకి వెళ్ళిన ఎన్‌వీఎస్-01తో అవి ఎల్1లో కూడా ప్రసారం మొదలుపెట్టాయి. మీ కొత్తదాని సెట్టింగుల్లో ఉపగ్రహాల ఎంపిక ఉంటే అందులో నావిక్ పేరు ఉందేమో చూడండి.

జవాబు (రాత్రి రైడర్):

పెద్దలందరూ మిల్లీమీటర్ల గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం బ్యాటరీ ఒక్కటే ముఖ్యం. 300 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌కి) గడువు 20 గంటలు, 600కి 40 గంటలు. రెండు ఫ్రీక్వెన్సీలూ పెట్టుకుంటే బ్యాటరీ గమనించదగినంత త్వరగా దిగుతుంది. నేను ఊళ్లలో, అడవుల్లో దాన్ని వాడి, హైవే ఎక్కాక మామూలు జీపీఎస్‌కి మార్చేస్తాను. నిర్వాహకులు ఇచ్చిన దారి కాగితం మీద ఎడమకు తిరగాల్సింది 187.4 దగ్గర అని ఉంటే నా కంప్యూటర్ 188 అన్నా 186.5 అన్నా నేను చూసేది అక్కడి గుడినో పెట్రోలు బంకునో. ఒక శాతం తేడా కోసం కంప్యూటర్‌ను వాపసు ఇవ్వడం నాకు అనవసరంగా తోస్తోంది.

ప్రశ్న వేసినవారు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మా అపార్టుమెంటు సెల్లార్‌లో కొలత తీశాను. నేను సీటు మీద కూర్చుంటే మా అబ్బాయి వెనుక నుంచి పట్టుకుని నడిపించాడు. మొదటిసారి సైకిల్ కొంచెం వంకరగా పోవడంతో అది వదిలేశాం. తర్వాతి మూడుసార్లు 6390, 6393, 6396 మిల్లీమీటర్లు వచ్చాయి. సగటును మూడుతో భాగిస్తే 2131. నేను దిగిపోయి ఖాళీ సైకిల్‌ను నడిపిస్తే 2139 వచ్చింది. ఎనిమిది మిల్లీమీటర్ల నా బరువును చూసి మా వాడు చాలాసేపు నవ్వాడు.

ఆ అంకె కొట్టి ఈరోజు మళ్ళీ వికారాబాద్ వెళ్ళివచ్చాను. పాతది 131.0, కొత్తది 131.2. అడవి దారిలో పాతది 6.03, కొత్తది 5.99. కొత్తదానిలో రికార్డింగ్ నిజంగానే స్మార్ట్ అని ఉంది, బయలుదేరే ముందే మార్చాను. నావిక్ పేరు ఎంపికల్లో కనిపించలేదు. గేటు దగ్గర ఇల్లు ఈసారి పదిహేను మీటర్లే కుంగింది.

వాపసు ఆలోచన మానుకున్నాను. హబ్ సెన్సర్ ఆంట్ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతిలో కూడా ప్రసారం చేస్తుంది కనుక ఒకేసారి రెండు కంప్యూటర్లూ దాన్ని అందుకోగలవు. కొత్తదానికీ కలిపి 2131 పెట్టేశాను. డిసెంబరు నుంచి పాతదానిలో నమోదైన 3,200 కిలోమీటర్లు ఈ లెక్కన 3,240 దాకా అవుతాయి. 3,200కి చైన్ అరుగుదల చూసుకోవాలని పెట్టుకున్న నియమం ఆ విధంగా నలభై కిలోమీటర్ల క్రితమే దాటిపోయింది కనుక, రేపు పొద్దున్నే ముందు ఆ పని చూడాలి.