అంబాసిడర్ క్రాంకు ముక్కు మీద కీ అరిగిపోయింది: వెల్డింగ్ పెట్టించడం సరైనదేనా?

కడప అంబాసిడర్

మా నాన్నగారు కొన్న పెట్రోలు అంబాసిడర్ ఇప్పటికీ నడుపుతున్నాను. పాత 1489 సీసీ ఇంజిన్. కొన్నాళ్లుగా బండి స్లోలో ఉన్నప్పుడు ముందు వైపు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది. రేసు పెంచితే ఆగిపోతుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయిందని మొదట భయపెట్టారు. ఈ మధ్య రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే ఫ్యాను బెల్టు జారి ఇంజిన్ వేడెక్కింది.

బెల్టు తీసేసి క్రాంకు పుల్లీని (ఇంజిన్ ప్రధాన షాఫ్టు ముక్కుకు, అంటే ముందు కొనకు బిగించిన చక్రాన్ని) చేత్తో అటూ ఇటూ కదిలిస్తే, ఇంజిన్ కదలకుండా పుల్లీ ఒక్కటే ఆడుతోంది. రేడియేటర్ దించి, పుల్లీ లాగి చూశాం. పుల్లీకీ షాఫ్టుకీ మధ్య గాడిలో కూర్చునే, అర్ధచంద్రం ఆకారంలో ఉండే కీ అనే ఇనుప ముక్కకు ఒక పక్క మెట్టులా అరుగుదల ఉంది. పుల్లీలోని గాడి వెడల్పయింది. క్రాంకు గాడి అంచు కూడా ఒక వైపు కాస్త గుండ్రబడింది. షాఫ్టు మీదంతా ఎర్రటి పొడి.

మా మెకానిక్ పుల్లీని షాఫ్టుకు రెండు చోట్ల వెల్డింగ్ పెడితే సాయంత్రానికి బండి ఇచ్చేస్తానంటున్నాడు. ఇంకొకరు క్రాంకే మార్చాలంటున్నారు. ఏది వినాలి?

ప్రొద్దుటూరు ట్యాక్సీ

వెల్డింగే పెట్టించండి, ఆలోచించకండి. అలా పెట్టించిన బండ్లు ఏళ్ల తరబడి తిరగడం కళ్లారా చూశాను. ఆ పుల్లీ తిప్పేది ఫ్యానును, నీటి పంపును, డైనమోను. అంతే కదా? క్రాంకు మార్చడమంటే ఇంజిన్ దించాలి, బేరింగులన్నీ కొత్తవి వేయాలి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మంచి క్రాంకు దొరకడమే కష్టం, దొరికినా బండి విలువంత ఖర్చు. పెళ్లిళ్ల రోజుల్లో బండి షెడ్డులో నిలబడితే ఇల్లు గడవదు. పుస్తకం ప్రకారం చేయాలని చెప్పేవాళ్లు ఆ ఖర్చు కూడా లెక్క వేయాలి.

కర్నూలు టర్నర్

ట్యాక్సీ అన్న ఖర్చు గురించి చెప్పింది నిజం. క్రాంకు మార్చాల్సిన అవసరం నాకూ కనిపించడం లేదు. కానీ వెల్డింగ్ మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే అలా అతికించిన షాఫ్టులు చివరికి నా లేత్ దగ్గరికే వస్తాయి.

ముందు అసలు కారణం తెలుసుకోవాలి. కీ విరిగిందనో అరిగిందనో అందరూ కీని తిడతారు. బరువు మోయవలసింది కీ కాదు. పుల్లీని సరైన స్థానంలో నిలబెట్టడం దాని పని. తిప్పే బలాన్ని మోసేది నట్టు బిగింపు, ఆ బిగింపు వల్ల ముఖాల మధ్య పుట్టే ఒరిపిడి. ఫ్యాను, పంపు, డైనమో మూడూ కలిసి మూడు హార్స్‌పవర్ తింటాయని అనుకుందాం. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర అది దాదాపు 7 న్యూటన్-మీటర్ల తిప్పే బలం మాత్రమే. గట్టిగా బిగిసి ఉన్న పుల్లీకి అది లెక్కలోకి రాదు. అయితే సిలిండర్ పేలిన ప్రతిసారీ క్రాంకు ముందుకు ఉరుకుతుంది, మళ్లీ తగ్గుతుంది. నట్టు వదులైతే ఆ ఉరుకూ తగ్గుడూ అన్నీ కీ మీద సుత్తి దెబ్బల్లా పడతాయి. స్లోలో ఈ ఎగుడుదిగుడు ఎక్కువ కాబట్టే చప్పుడు అప్పుడు వినిపించి, రేసులో మాయమవుతుంది. మీరు చూసిన ఎర్రటి పొడి కూడా అదే చెబుతోంది. రెండు ఇనుప ముఖాలు వదులుగా రాసుకుంటే రాలే పొడి తుప్పు పట్టి ఎర్రబడుతుంది.

నట్టు ఎందుకు వదులైంది? మన షెడ్లలో ఆ నట్టును తీసేదీ బిగించేదీ ఉలితోనే. దాని ముందు భాగం బండిని చేత్తో తిప్పి స్టార్టు చేసే హ్యాండిల్ తగిలించడానికి పళ్లలా ఉంటుంది. ఆ పళ్లకు ఉలి ఆనించి నాలుగు దెబ్బలు వేసి బిగిసిందంటారు. మీ నట్టు మీద దెబ్బల గుర్తులున్నాయేమో చూడండి.

ఇక వెల్డింగ్ సంగతి. ఆ ఒక్క నట్టు పుల్లీని మాత్రమే పట్టుకోదు. దాని వెనుక నూనె విసిరే పళ్లెం, ఆ వెనుక టైమింగ్ చైన్ పళ్లచక్రం, అన్నింటినీ కలిపి షాఫ్టు భుజానికి అదిమి పెడుతుంది. పుల్లీని ముక్కుకు అతికించేస్తే ఆ వరుసను మళ్లీ ఎప్పటికీ బిగించలేరు. బయటి చప్పుడు ఆగుతుంది, లోపల పళ్లచక్రం వదులుగానే ఉండిపోతుంది. ఆయిల్ సీలు కారినా, చైన్ సాగినా కవరు తీయాలంటే ముందు పుల్లీ రావాలి. అప్పుడు గ్రైండర్‌తో కోయాలి, కోస్తే ముక్కు పోతుంది.

వేడి చేసే నష్టం ఇంకొకటి. క్రాంకు ఉక్కుకు ఒక చోట ఒక్కసారిగా వేడి పెట్టి చల్లారనిస్తే ఆ చుట్టూ పెళుసుబారుతుంది. పక్కనే ఉన్న రబ్బరు సీలు మాడుతుంది. వెల్డింగ్ మెషీను ఎర్తు క్లాంపును బాడీకి తగిలిస్తే కరెంటు క్రాంకును మోసే మెయిన్ బేరింగుల గుండా పోతుంది, వాటి నున్నటి ముఖం మీద గుంటలు పడతాయి. వీటిలో ఏదీ ఆ సాయంత్రం బయటపడదు.

అనంతపురం గ్యారేజీ

టర్నర్ గారితో ఏకీభవిస్తున్నాను. ఇంకో మార్గం కూడా ఉంది. మాజ్డా మియాటా అనే కారు 1990 మోడల్‌లోనూ 1991 మోడల్ తొలి బండ్లలోనూ వచ్చిన 1.6 లీటర్ల ఇంజిన్లలో క్రాంకు ముక్కు పొట్టిగా ఉండి, ఇదే జబ్బుకు పేరు పడింది. ఆ కారు యజమానులు చాలామంది ఇంజిన్ దించకుండానే బాగుచేసుకున్నారు. ముక్కును శుభ్రం చేసి, కొత్త కీ వేసి, ఖాళీలో లాక్‌టైట్ 660 అనే వెండి రంగు పేస్టు నింపి, బిగించి, గట్టిపడనిస్తారు. అర మిల్లీమీటరు వరకు ఖాళీని అది పూడుస్తుంది. కడప అన్నకు ఇదే చాలు, లేత్ దాకా ఎందుకు?

కర్నూలు టర్నర్

ఆ పేస్టును నేనూ వాడతాను, మంచిదే. కానీ పుల్లీ గాడి ఎంత వెడల్పయిందో చూడకుండా పేస్టే చాలని చెప్పకూడదు. కొత్త కీ పెట్టి పక్కన ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. ఒక 0.10, 0.15 మిల్లీమీటరు ఖాళీ ఉంటే పేస్టుకు పని ఉంది. అంతకంటే ఎక్కువైతే నేను ముందు ఇనుముతో సరిచేస్తాను. పైగా ముక్కు మీద నూనె చెమ్మ కొంచెం మిగిలినా పేస్టు పట్టదు. పాత ఇంజిన్ సీలు దగ్గర ఆ శుభ్రత రావడం అంత తేలిక కాదు.

ప్రొద్దుటూరు ట్యాక్సీ

లోపలి పళ్లచక్రం సంగతి నేను ఆలోచించలేదు, అది ఒప్పుకుంటాను. అయితే పేదవాడికి దారి చెప్పండి. ఇంజిన్ దించకుండా అయ్యే పని ఏది?

కర్నూలు టర్నర్

ఇంజిన్ దించనక్కరలేదు. ఇప్పటికే రేడియేటర్ తీశారు కాబట్టి సగం పని అయినట్టే.

టైమింగ్ కవరు కూడా విప్పి పళ్లచక్రం ఆడుతోందేమో చూడండి. అది గట్టిగా ఉంటే సమస్య పుల్లీ దగ్గరే ఆగింది, మీరు అదృష్టవంతులు. అదే జిప్సీ, ఎస్టీమ్ లాంటి బండ్లలో అయితే క్రాంకు మీది కీ పట్టుకునేది టైమింగ్ బెల్టు చక్రాన్ని. అక్కడ కీ అరిగితే వాల్వుల టైమింగే తప్పుతుంది. ఆ బండికి చెప్పిన సలహా ఈ బండికీ, ఈ బండికి చెప్పింది ఆ బండికీ పనికిరావు.

క్రాంకు గాడి అంచు గుండ్రబడిన చోట సన్నటి ఆకురాయితో మొలిచిన అంచులను మాత్రం తీయండి, లోతు పెంచకండి. గాడి గోడలు సమంగా మిగిలి ఉంటే సరైన కొలత కొత్త కీ చాలు. వెడల్పయితే కింది సగం లావుగా, పై సగం అసలు కొలతలో ఉండే మెట్టు కీ చేయించండి. గట్టి కీ ఉక్కులోంచే చేయాలి. మేకు ముక్కను రాసి పెట్టే పని వద్దు.

పుల్లీ విషయంలో రెండు దారులున్నాయి. రంధ్రం ఇంకా షాఫ్టుకు బిగువుగా కూర్చుంటే పాత గాడిని వదిలేసి, వేరే చోట కొత్త గాడి కోయిస్తే సరిపోతుంది. చిన్న పని, చవక పని. రంధ్రమే అరిగితే బోర్ చేసి, అంటే ఇంకాస్త వెడల్పు చేసి, బుష్ అనే ఇనుప గొట్టం బిగించి, అందులో గాడి తీయాలి. పుల్లీ గొంతు మీద సీలు రాసుకుని గాడి పడిందేమో కూడా అప్పుడే చూసుకోండి. అది ఉంటే కొత్త సీలు వేసినా నూనె ఆగదు.

అనంతపురం గ్యారేజీ

కొత్త గాడి వేరే చోట తీస్తే టైమింగ్ గుర్తు (ప్లగ్గులో స్పార్కు పడే సమయం చూసుకునే గీత) తప్పు చూపిస్తుంది కదా? ఈ ఇంజిన్లో పుల్లీ అంచు మీది గీతనే కవరు మీది ముల్లుతో కలిపి చూస్తాం.

కర్నూలు టర్నర్

తప్పకుండా తప్పు చూపిస్తుంది. పుల్లీ ఆడుతున్నన్నాళ్లూ కూడా ఆ గీత అబద్ధమే చెప్పింది. దాన్ని చూసి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి ఉంటే బండి ఘాటులో వేడెక్కడానికి అదీ ఒక కారణం కావచ్చు. పాత గీతను ఆకురాయితో రాసి చెరిపేయండి. ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి, సన్నటి కడ్డీ దించి, పిస్టన్ పైకొచ్చి ఆగే చోటుకు రెండు వైపులా సమాన ఎత్తులో పుల్లీ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, వాటి మధ్యన కొత్త గీత కొట్టండి.

కడప అంబాసిడర్

నట్టు పళ్ల మీద ఉలి దెబ్బలున్నాయి, చూశాను. వెల్డింగ్ వద్దని మెకానిక్‌కు చెప్పేశాను. నట్టు ఎంత బిగించాలి?

కర్నూలు టర్నర్

ఆ నట్టు, తాళం వాషరు రెండూ కొత్తవి వేయండి. మీ ఇంజిన్ పుట్టిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కుటుంబానిదే అయిన ఎంజీబీ కారు పుస్తకంలో ఈ నట్టుకు 70 అడుగు-పౌండ్లు ఇచ్చారు, అంటే దాదాపు 95 న్యూటన్-మీటర్లు. మీ బండి పుస్తకం ఉంటే అందులోని అంకెనే పాటించండి. ఎంత బిగిసిందో చూపించే టార్క్ పానా లేకపోతే అద్దెకైనా తెప్పించండి, ఉలి మాత్రం ముట్టుకోవద్దు. టాప్ గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగితే క్రాంకు తిరగదు. బిగించాక వాషరు చెవిని నట్టు మీదికి మడవండి. తర్వాత బెల్టు వేయకుండా ఒక్క నిమిషం ఇంజిన్ ఆడించి పుల్లీ అంచును పక్క నుంచి చూడండి. అంచు అల్లాడుతుంటే బుష్ వంకరగా కూర్చున్నట్టు, పుల్లీ తీసి నా దగ్గరికి పంపండి.