దెప్పలుగానా, తెప్పలుగానా?

బరంపురం: సంపద ఉన్నప్పుడే బంధువులు వస్తారనే సుమతి పద్యంలో “దెప్పలుగ చెరువు నిండిన కప్పలు పదివేలు చేరు గదరా” దగ్గర ఆగిపోయాను. మొదటిది దకారమా, తకారమా? మా పంతులుగారు దకారమే పలికించారు.

రాయగడ: పై పాదం చివర “అన్నన్” ఉంది. ద్రుతం, అంటే ఆ చివరి పొల్లు నకారం, దాని మీద తకారం దకారమైంది, అంతే.

సిరొంచ: అంతేనంటే ఎలా మాస్టారూ, అర్థమో? తెప్ప వేసి దాటేంత నీరని నా వాదన. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట పెరిగినవాణ్ణి, తెప్పంటే నాకొకరు చెప్పనక్కరలేదు.

పర్లాకిమిడి: చెరువులో తెప్ప దేనికి బాబూ, ఉత్సవానికా? తెప్పలుగ అంటే నిండుగా. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరు మాది.

జయపురం: ముందు ఆ పదివేల సంగతి చూడండి. పడమటి కనుమల వర్షారణ్యంలో చాలా పొదకప్పలకు చెరువుతో పనే లేదు. ఆకు మీదో, వెదురు బోలులోనో పెట్టిన గుడ్డులోంచి తోకకప్ప కాదు, నేరుగా పిల్లకప్పే వస్తుంది. ఇక 2003లో బిజు, బోసూయ్ అనే పరిశోధకులు లోకానికి పరిచయం చేసిన ఊదా కప్ప ఏడాదంతా మట్టిలోనే చెదలు తిని బతికి, తొలివానలకు జత కోసం కొద్దికాలమే పైకి వస్తుంది. దాని తోకకప్పలు నోటితో రాతిని పట్టుకుని ఏటి వడికి ఎదురు నిలుస్తాయి. దగ్గరి చుట్టాలేమో సీషెల్స్ దీవుల్లో! సంపద చూసి వచ్చే బంధువు కాదది.

గుణుపురం: ఋగ్వేదం ఏడో మండలంలో మండూకసూక్తం ఇదే! “సంవత్సరం శశయానాః” అన్నాడు వసిష్ఠుడు. ఏడాది వ్రతం పట్టిన బ్రాహ్మణుల్లా పడి ఉండి, వానకు గొంతు విప్పుతాయి. ఆ ఊదా కప్పను చూసే అన్నాడేమో.

జయపురం: అది కేరళ, తమిళనాడు కనుమలది స్వామీ. ఎండల్లో మట్టిలో దాక్కోవడం మన గోదురుకప్పకూ తెలుసు.

రాయగడ: నాకు మరో చిక్కు కనిపిస్తోంది. “నిండినన్” అయితే తరువాత “గప్పలు” అనాలి. దకారం పలికించిన పంతులుగారు గకారాన్ని ఎందుకు వదిలేశారు? “నిండిన కప్పలు” అంటే చెరువంతా నిండిపోయిన కప్పలని కదా అర్థం!

పర్లాకిమిడి: గప్పలే. యతి చూడండి, గప్పలు, గదరా.

సిరొంచ: క, గ ఒకే వర్గం. కప్పలన్నా యతి చెడదు.

గుణుపురం: ఈపాటి కందానికి ఇంత రభసా? కందమంటే తిక్కనగారిది. విరాటపర్వం తీయండి, ఒక్క రాత్రి కూర్చుందాం.

రాయగడ: తిక్కనగారిని తరువాత చూద్దాం. “గదరా” అని చంటిపిల్లలు కూడా తప్పకుండా అంటారే, కప్ప దగ్గరే మన నాలుక ఎందుకు తిరగదు?